టీవీ కింద కొబ్బరితోట

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి కౌశిక్ తన దీవిలో నూట పన్నెండు కొబ్బరిచెట్లు చూశాడు. వాటిలో ఒక్కటి కూడా అతను నాటింది కాదు.

రెండుసార్లు లెక్కపెట్టాడు. పద్నాలుగు వరసలు, వరసకి ఎనిమిది. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎనిమిది గళ్లు.

దీవి ఆటలోది. ఆట కన్సోల్‌లోది. కన్సోల్ పలాసలో వాళ్లింట్లో, టీవీ కింద అరలో ఉంటుంది. కౌశిక్ టెక్కలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడే అద్దె గదిలో ఉంటాడు. ఆదివారం ఇంట్లో ఆడతాడు. గత రెండు ఆదివారాలు ఆఫీసు పనిలో పోయాయి. సముద్రం పక్క మైదానాన్ని రేవు కట్టడానికని రెండు నెలలుగా ఖాళీగా ఉంచాడు. చెట్లు ఆ మైదానంలోనే ఉన్నాయి.

"అమ్మా, దీన్నెవరైనా ముట్టుకున్నారా?"

రాజకుమారి వంటగది గుమ్మంలోకి వచ్చింది.

"నానెందుకు ముట్టుకుంతాను? అదే దానంతట అది ఎలుగుతంది. బుదవారం మద్దేన్నం ఎలిగింది. లచ్చివారం ఎలిగింది. సెప్దామంటే నువ్వు ఫోనెత్తవు."

"వెలిగితే ఏటి చేసేవు?"

"ఏటి సేత్తాను? దన్నం ఎట్టుకున్నాను."

ఆటకి కొత్త అప్‌డేట్ ఏదో వచ్చి ఉంటుందని కౌశిక్ అనుకున్నాడు. అప్‌డేట్ అడగకుండా చెట్లు నాటుతుందా అన్న అనుమానం వచ్చింది. అయినా గొడ్డలి తీశాడు. మూడు గంటలు పట్టింది. నూట పదకొండు నరికాక తల్లి అన్నానికి పిలిచింది. నరికిన కలపని గోదాములో వేసి లేచాడు.

తరవాతి ఆదివారానికి మొద్దులు ఒక్కటీ లేవు. తవ్వి తీసేశారు. మళ్లీ నలభై మొక్కలు, పాత గుంటల్లోనే.

ఆ ఆటలో నేల మీద చెక్కబోర్డు పాతి నాలుగు ముక్కలు రాసుకోవచ్చు. కౌశిక్ మొదటి వరస ముందు బోర్డు పాతాడు. 'ఎవరు నువ్వు?' అని రాశాడు. రాశాక సిగ్గేసింది. తన ఇంట్లో, తన పెట్టెలో, తన దీవిలో ఎవరిని అడుగుతున్నట్టు?

మూడో ఆదివారానికి కంచె వెంట పెద్దాకుల చెట్లు, వరసల మధ్య పొట్టి చెట్లు కూడా వచ్చాయి. బోర్డు మీద జవాబు ఉంది.

'ఇది మా తోట. నువ్వెవరివి? చెట్లు ఎందుకు నరికావు?'

కౌశిక్ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని ఆ మూడు ముక్కలూ చాలాసార్లు చదివాడు. బయట వాన మొదలైంది. రాజకుమారి డాబా మీంచి బట్టలు తెచ్చి కుర్చీలో పడేసి, టీవీ ముందు ఆగింది.

"ఇదేటి, ఉద్దానంలా ఉంది?"

"ఏది?"

"సూడు. కంచెమ్మట పెద్దాకు సెట్లు, పనస బదులు. లోపల కొబ్బరి. మద్దిలో పొట్టివి, జీడి బదులు. మా కన్నోరి తోట ఇలాగే ఉండీది. కవిటి నుంచి బారవ దాకా ఎవలైనా ఇలాగే ఏత్తారు. ఇంకో ఊరోలు ఇలాగ ఎయ్యరు."

"అమ్మా, ఈ ఆట చేసినోళ్లకి ఉద్దానం ఎక్కడుందో తెలీదు."

"సేసినోలకి తెలీదు. నాటినోలకి తెలుసు."

కౌశిక్ బోర్డు మీద 'మీ తోట ఏమిటి, ఇది నా' దాకా రాశాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. టీవీ మీద ఒక వాక్యం వచ్చింది: ఈ ఆటని మరో పరికరం నుంచి ఆడుతున్నారు. దాని కింద పరికరం పేరు ఉంది. ఆ పేరు కౌశిక్‌కి తెలుసు. నెల కిందట దాన్ని తన చేతుల్లో పట్టుకున్నాడు.

కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో మన్మథరావు మొబైల్ షాపు ఉంది. టెక్కలి గదిలో కూర్చుని పలాస ఇంట్లోని కన్సోల్ ఆడటానికి ఏ పరికరం మంచిదో తేల్చుకుందామని కౌశిక్ పది ఆదివారాలు ఆ షాపుకి వెళ్లాడు. మూడింటిని పరీక్షించాడు. నోటుబుక్కులో మూడు గళ్లు గీసి బరువు, ఛార్జింగ్, బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే టైము రాసుకున్నాడు. పదో ఆదివారం ఒకదానిలో తన అకౌంట్ పెట్టి ఇంటికి కనెక్ట్ చేసి అరగంట ఆడాడు. అంతలో తల్లి ఫోన్ చేసింది, గ్యాస్ బండ వచ్చింది, ఇంటికి రమ్మని. ఆలోచించి చెప్తానని మన్మథరావుకి చెప్పి వెళ్లిపోయాడు. లాగౌట్ చేసినట్టు గుర్తు లేదు.

ఇప్పుడు వానలో బండి తీశాడు. పది నిమిషాల్లో షాపు దగ్గరున్నాడు.

కౌంటర్ ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. జుట్టు లోంచి నీళ్లు కారుతున్నాయి. చున్నీ ఆమె తల మీద లేదు. కౌంటర్ మీద ఉన్న పరికరం చుట్టూ ఉంది.

"ఆదివారమొస్తే ఆగిపోతుందండీ," అంటోంది. "మిగతా రోజులు బాగానే ఉంటుంది. ఆదివారం మాత్రం తెర నల్లగా అయిపోతుంది."

"ఆదివారం దానికి సెలవేమోనమ్మా," అన్నాడు మన్మథరావు.

"వారంటీ కార్డులో ఆ ముక్క లేదండీ."

"ఇప్పుడు సూడు, నానిలా ఆన్ సేసేను, అలా ఒచ్చీసింది. మా ఎదర బాగానే ఆడతంది."

"మావా," అన్నాడు కౌశిక్ గుమ్మంలోంచి. "అది నేను చూసిన పీసు కదా?"

"నా సాపులో నువ్వు సూడని పీసేటుంది? కొన్న పీసే ఒక్కటీ లేదు."

కౌశిక్ దగ్గరికి వెళ్లి తెర చూశాడు. టోపీ పెట్టుకున్న తన మనిషి బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. 'మీ తోట ఏమిటి, ఇది నా' అన్న సగం వాక్యం అక్కడే ఉంది.

"ఇదొకటండీ," అంది ఆ అమ్మాయి అతనికీ చూపిస్తూ. "ఎవడో లోపలికొచ్చి బోర్డులు పాతుతున్నాడు."

"అది నేనేనండీ."

"చెట్లు నరికింది?"

"అదీ నేనే."

ఆమె అతని వైపు చూసింది. కళ్లద్దాల మీద వాన చుక్కలున్నాయి. వాటిని తుడవకుండానే చూసింది. ఆ చూపుకి ఎడంపక్కకి జరగాలో, కుడిపక్కకి జరగాలో కౌశిక్‌కి తెలియలేదు.

"మీరెవరు?" అంది.

బోర్డు మీద నువ్వు అంది, ఇక్కడ మీరు అంటోంది. బోర్డే నయమనిపించింది అతనికి.

కౌశిక్ టెక్కలి ఉద్యోగం దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆ పరికరంలో ఆట ఉండదు. ఆట ఇంట్లో కన్సోల్‌లో నడుస్తుంది. బొమ్మ ఇంటర్నెట్ మీద ఇక్కడికి వస్తుంది, ఇక్కడ నొక్కిన బటన్ అక్కడికి వెళ్తుంది. ఒక్క అకౌంట్‌తో ఒకరే ఆడాలి. ఆఖర్న ఎవరు పట్టుకుంటే ఆట వాళ్లది, రెండోవాళ్లకి తెర నల్లగా అయిపోతుంది.

"అంటే ఇన్నాళ్లూ ఇందులో ఏటీ లేదా?"

"లేదండీ. అద్దం ముక్క."

"మరి మా నాయనమ్మ తోట?"

"మా ఇంట్లో ఉంది. టీవీ కింద."

ఆమె మన్మథరావు వైపు తిరిగింది.

"నన్ను సూడకమ్మా. ఆన్ సేత్తే ఆట ఒచ్చింది, లోపలుందనుకున్నాను. ఈ బాబు పది వారాలు సెప్పేడు గానీ, కొననోడు సెప్పింది నానెప్పుడు విన్నాను?"

ఆమె పేరు నాగసుధ. బారువలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. నాయనమ్మ బంగారమ్మ పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ప్లాస్టర్ తీశాక వేళ్లు ముడుచుకోవడం లేదు. రోజూ రబ్బరు బంతి పిసకమని ఫిజియోథెరపీ వాళ్లు ఇస్తే, బంగారమ్మ రెండు రోజులు పిసికి దాన్ని వీధిలో కుక్కకి వేసింది. బటన్లున్నదేదైనా ఇస్తే వేళ్లు కదుపుతుందని నాగసుధ ఈ షాపుకి వచ్చింది.

"మొదటిరోజు నాయనమ్మ తెరలో ఆ మైదానం చూసింది. ఇంత నేల బీడు పెట్టుకున్నారేటే అంది. అప్పట్నుంచి రోజుకి రెండు గంటలు నొక్కేది. మా తోట ఎలా ఉండేదో అలాగే నాటించింది. నూట పన్నెండు." నాగసుధ ఆగింది. "తిత్లీ తుఫాన్‌కి పడినవి అన్నే."

షాపు రేకుల మీద వాన పెద్దదైంది.

"ఆ ఆదివారం మీరు నరికాక సోమవారం తీసి చూసింది. మళ్లీ గాలొచ్చిందేటే అని అడిగింది. మూడు రోజులు ముట్టలేదు. నాలుగోరోజు తనే అడిగి తీసుకుని, మొద్దులు తవ్వడం మొదలెట్టింది."

అప్‌డేట్ అనుకున్నానని చెప్తే బాగుండదని కౌశిక్‌కి తెలుస్తూనే ఉంది.

"ఇప్పుడేటి సేద్దాం మరి," అన్నాడు మన్మథరావు. "ఈ బాబు లాగౌట్ అయిపోతాడు. అమ్మా, నువ్వు ఇది ఒగ్గీసి ఇంకోటి పట్టుకెల్లు. రెండున్నాయి."

"ఏది మంచిదండీ?" నాగసుధ అడిగింది కౌశిక్‌ని. కోపంగానే అడిగింది. పది వారాలు చూసినవాడు ఇతనొక్కడే.

కౌశిక్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు. మూడు గళ్లూ చూశాడు. ఇన్నాళ్లూ తన చేతులకే కొలిచాడు. ఇప్పుడు విరిగి అతికిన మణికట్టుకి కొలవాలి.

"ఇది చేతిలో పట్టే కంప్యూటర్. ఆటలు లోపలే ఉంటాయి, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. కానీ ముప్పావు కిలో దాటుతుంది, పావుగంటకి వేడెక్కుతుంది. ఆవిడ పట్టుకోలేరు. ఇది ఫోన్‌కి తగిలించేది. తేలికే. బటన్లు చిన్నవి, వేళ్లు సరిగా ముడవవు. మధ్యలో ఫోనొస్తే ఆట పోతుంది. మా అమ్మ రోజుకి ఆరుసార్లు చేస్తుంది."

"మీ అమ్మగారు మా నాయనమ్మకెందుకు చేస్తారండీ?"

"చేయరు. నా లెక్క చెప్పాను." కౌశిక్ మూడోదాని దగ్గరికి వచ్చాడు. "మీరు తెచ్చిందే నయం. అర కిలో. రెండు పక్కలా పట్టు ఉంది."

"కానీ మీరు లాగౌట్ అయితే ఇది అద్దం ముక్క."

"అవ్వను."

మన్మథరావు బిల్లుల కట్టలు సర్దుతున్నవాడల్లా తలెత్తాడు. పది వారాల్లో ఈ కుర్రాడు ఒక సంగతి తేల్చి చెప్పడం ఇదే మొదలు.

"మరి మీ ఆట?" అంది నాగసుధ.

"ఆదివారం నాది. మిగతా ఆరు రోజులు మీవి. ఆదివారం నేను రేవు కట్టను. నరికినవి నాటుతాను."

ఆమె కళ్లద్దాలు తీసి చున్నీ చివర తుడుచుకుంది. "వరసకి ఎనిమిది," అంది. "మధ్యలో ఎనిమిది గళ్లు. తప్పితే నాయనమ్మ పీకిస్తుంది."

పీకించింది. తరవాతి ఆదివారం కౌశిక్ ఇరవై నాలుగు నాటితే, ఆ పై ఆదివారానికి పదహారే ఉన్నాయి. బోర్డు మీద ఉంది: 'దక్షిణం వరస వంకర. తీసేయమంది. టెక్కలిలో వంకర వరసలకి జీతం ఇస్తారేమో, ఇక్కడ ఇవ్వరంది. చివరి ముక్క నాది.'

కౌశిక్ రాశాడు: 'మొదటి ముక్క కూడా మీదే అనుకుంటున్నాను.'

పై వారం: 'నిన్ను అలా అనుకోమని ఎవరన్నారు?'

మళ్లీ నువ్వు. కౌశిక్ సోమవారం ఆఫీసులో ఒక ఫైలు మీద రెండుసార్లు తేదీ వేశాడు. ఆ నువ్వు కోపంతో వచ్చిందా, బోర్డు చిన్నదని వచ్చిందా, ఇంకెందుకైనా వచ్చిందా? ఆదివారం దాకా ఆగాలి. ఫోన్ నంబరు మన్మథరావు దగ్గర ఉంటుంది. అడగొచ్చు. అడిగితే షాపంతా తెలుస్తుంది. ఆగాడు.

ఐదో వారం బోర్డు మీద ఇలా ఉంది: 'నాయనమ్మ నరికినోడిని చూస్తానంటోంది. ఆదివారం రా. పెట్టె తీసుకురా. చిన్న తెరలో కళ్లు ఆనడం లేదట.'

పై ఆదివారం కౌశిక్ కన్సోల్‌ని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టాడు. రాజకుమారి దాని మీద ఇంకో తువ్వాలు కప్పి, పక్కన జీడిపప్పు పొట్లం పెట్టింది.

"ఇదెందుకమ్మా?"

"ఉద్దానపోలింటికి ఉట్టి సేతుల్తో ఎల్తావేటి?"

సోంపేట దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాడు. దారంతా సంచి ఒళ్లోనే ఉంది. నూట పన్నెండు చెట్లున్న తోటని ఒళ్లో పెట్టుకుని వెళ్తున్నానన్న సంగతి పక్కన ఎండుచేపల గంపతో కూర్చున్న మనిషికి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

బంగారమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మణికట్టు మీద ప్లాస్టర్ ఉన్న మేర తోలు రంగు ఇంకా వేరుగానే ఉంది.

"నువ్వేనేటి నరికినోడివి?"

"నేనేనండీ."

"ఎందుకు నరికేవు?"

"రేవు కడదామని."

"రేవు ఈ బారవలోనూ ఉండీది. పోనాది. తోట ఉండీది. అదీ పోనాది. రెండూ పోతంటే సూసినదాన్ని. ముందు ఏది కావాలో నన్నడగొద్దేటి నువ్వు?"

"అడిగేవాణ్ని. మీరున్నారని తెలీలేదు."

"సెట్లున్నాయంటే నాటినోలు ఉంతారు కాదేటి."

కౌశిక్ లోపలికి వెళ్లి టీవీకి తీగ తగిలించాడు. నాగసుధ స్విచ్ వేసింది. తోట గోడ మీదకి వచ్చింది. బంగారమ్మ లేచి టీవీ దాకా నడిచి, ఒక్కో వరసనీ వేలితో లెక్కపెట్టింది. ఒక చెట్టు దగ్గర వేలు ఆగింది. మిగతావాటికన్నా అది ఎత్తుగా ఉంది.

"ఇదొక్కటీ ఎందుకు ఒగ్గీసేవు?"

కౌశిక్ నాగసుధ వైపు చూశాడు. ఆమె సాయం రాలేదు.

"అప్పుడు మా అమ్మ అన్నానికి పిలిచిందండీ."

బంగారమ్మ నవ్వింది. నవ్వుతూనే వచ్చి కుర్చీలో కూర్చుంది. "మీ అమ్మ మంచిది. తుపానప్పుడు మాకూ ఒకటి మిగిల్నాది. ఇది కాదు. నూతి పక్కది."

నాగసుధ కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టింది. అది పావుకిలోకి కాస్త ఎక్కువ. బంగారమ్మ కుడిచేతి వేళ్లు దాని చుట్టూ ముడుచుకున్నాయి, చిటికెనవేలు కూడా. ఆమె మొక్క నాటింది, నీళ్లు పోసింది, పక్కకి జరిగింది. నాగసుధ ఆ వేళ్ల వైపే చూస్తోంది. కౌశిక్ నాగసుధ వైపు చూస్తున్నాడు.

"ఏటి సూత్తన్నావు?" అంది బంగారమ్మ తల తిప్పకుండా.

"చెట్లండీ."

"సెట్లు టీవీలో ఉన్నాయి."

సాయంత్రం నాలుగింటికి కౌశిక్ తీగ తియ్యడానికి లేచాడు. బంగారమ్మ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది. అడగలేదు. పెట్టె వెళ్తే మళ్లీ ఆ చిన్న తెర, ఆ అర కిలో. కౌశిక్ చెయ్యి తీగ మీద ఆగింది. తియ్యాలో, మానాలో తేలలేదు.

"ఆగు," అంది నాగసుధ. ఎదురుగా ఉండి నువ్వు అనడం ఇదే మొదటిసారి. "నువ్వు పది వారాలు వెతికింది టెక్కలిలో కూర్చుని ఆడటానికే కదా? మా చేతిలోది పట్టుకెళ్లు. పెట్టె ఇక్కడ ఉంచు."

"అప్పుడు కన్సోల్ మీ ఇంట్లో ఉంటుంది."

"అవును."

"నేను అక్కణ్నుంచి పట్టుకుంటే ఇక్కడ వెలుగుతుంది."

"అవును. వెలిగితే నువ్వు గదికి వచ్చినట్టు నాకు తెలుస్తుంది."

"తెలిస్తే?"

నాగసుధ సంచిలో ఆ పరికరం పెట్టి, దాని మీద తువ్వాలు కప్పింది. "ఆఖరి బస్సు ఐదింటికి," అంది.

తెలిస్తే ఏమిటో బస్సులో తేలలేదు. పలాసలో తల్లికి చెప్పినా తేలలేదు. రాజకుమారి అంతా విని, "బాగుంది," అని ఊరుకుంది. ఏది బాగుందో చెప్పలేదు.

సోమవారం సాయంత్రం ఆరింటికి కౌశిక్ టెక్కలి గదిలో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఆ పరికరం ఆన్ చేశాడు. బొమ్మ రావడానికి నోటుబుక్కులో రాసుకున్న దానికన్నా రెండు సెకన్లు ఎక్కువ పట్టింది. తోట వచ్చింది. టోపీ మనిషి కొత్త బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

'వచ్చే ఆదివారం మీ అమ్మగారిని కూడా తీసుకురమ్మని నాయనమ్మ అడుగుతోంది.'

కౌశిక్ దాన్ని చదివాడు. రాజకుమారిని ఎందుకు? జీడిపప్పుకా? చెట్టు మిగిల్చినందుకా? మూడోది ఒకటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. బటన్లు ఒక్కొక్కటే నొక్కి కింద రాశాడు.

'అడుగుతున్నది నాయనమ్మా, నువ్వా?'

రాసిన మరుక్షణం తెర నల్లగా అయిపోయింది. అందులో అతని ముఖం కనిపించింది. కింద ఒక వాక్యం: ఈ ఆటని మరో చోట ఆడుతున్నారు. ఒక బటన్ నొక్కితే ఆట మళ్లీ అతని చేతికి వస్తుంది. నొక్కలేదు. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. బారువలో ఎవరో కంట్రోలర్ పట్టుకుని ఒక్కో అక్షరం ఎంచుతున్నారు. నాలుగు నిమిషాలు గడిచాయి. ఫోన్ మోగింది. అమ్మ. మొదటిసారి కాల్ కట్ చేశాడు.

ఐదో నిమిషంలో నొక్కాడు. తోట వచ్చింది. బోర్డు మీద అతని ప్రశ్న కింద ఒకే మాట ఉంది.

'ఇద్దరం.'

కౌశిక్ రాజకుమారికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆదివారం ఖాళీయేనా?"

"జీడిపప్పు ఎంత కట్టమంతావు?" అంది రాజకుమారి.